మా అత్త కొలిమిని పండవెట్టే తీరు

పోయిన నెల కంట్లో పొర తీయించుకోవడానికి మహబూబ్‌నగర్ బయలుదేరాను. ఆటోలో నా పక్కన మనవరాలు. ఊరి పొలిమేరలో రోడ్డు పక్కన డేరాలు వేసుకుని, ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చిన కమ్మరులు గొడ్డళ్లు, కొడవళ్లు కొట్టి అమ్ముతున్నారు. వాళ్ల దగ్గర తిత్తి లేదు. చిన్న మోటారు ఫ్యాను ఒకటి గుర్రుగుర్రుమంటూ నిప్పుకు గాలి కొడుతోంది. సరే, కాలం మారింది, చెయ్యి నొప్పి తప్పింది అనుకుంటూ చూస్తున్నాను. అంతలో వాళ్లలో ఒకతను పని ముగిసింది కాబోలు, ఫ్యాను ఆపి, నిండు బకెట్ ఎత్తి ఎర్రగా మండుతున్న బొగ్గుల మీద ఒక్కసారిగా కుమ్మరించాడు. బుస్సుమని ఆవిరి లేచింది. బూడిద మనిషెత్తున ఎగిరింది. పక్కన రొట్టెలు కాల్చుకుంటున్న ఆడమనిషి కొంగుతో మొహం కప్పుకుని అటు తిరిగింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కంటికి అంతా మసకగానే కనబడుతోంది గానీ, ఆ పని చూడటానికి ఆ మసక చూపు చాలు.

ఆటో ఆపించి దిగాను. మనవరాలు చెయ్యి పట్టుకుని లాగుతోంది, "అమ్మమ్మా, నీకెందుకే? డాక్టర్ దగ్గర టైమైతాంది" అని. నేను వింటేనా! "ఏందయ్యా, నీకేమన్న బుద్ధుందా? ఎర్రటి నిప్పు మీద గట్లనే నీళ్లు పోస్తరా? గా పిల్ల మొఖం కాలితే ఎవడు దిక్కు?" అన్నాను. అతనికి నా భాష అర్థం కాలేదు గానీ తిట్టని తెలిసింది. "క్యా హువా అమ్మా?" అన్నాడు. నాకూ నిజాం నాటి ఉర్దూ నాలుగు ముక్కలు నాలుక మీద ఉన్నాయి. "ఐసా పానీ నక్కో డాల్ బేటా" అన్నాను, అట్లా నీళ్లు పోయకు బిడ్డా అని. అతను నవ్వి, మోచేత్తో నుదుటి చెమట తుడుచుకుని, "థక్ గయా, అమ్మా" అన్నాడు. అలసిపోయానని. ఆ మాటతో నా కోపం సగం అక్కడే దిగిపోయింది. అలసిన చెయ్యి ఎంత పని చేస్తుందో నాకు తెలిసినంతగా ఆ రోడ్డు మీద ఇంకెవరికీ తెలిసుండదు. వచ్చి ఆటోలో కూర్చున్నాను. దవాఖానలో కంట్లో మందు వేసి, కళ్లు మూసుకుని కూర్చోమన్నారు. మూసుకున్నాను. మూసుకుంటే కనబడింది మా అత్తే.

నిజాం పాలన పోయి ఏడెనిమిదేళ్లు అయి ఉంటుంది, నేను ఆ ఇంటికి కోడలినై వెళ్లినప్పుడు. పాలమూరు రైలు స్టేషనుకు బండి మీద ఒక పూట ప్రయాణం మా అత్తగారి ఊరు. ఎర్ర నేలలు, బండరాళ్లు, జొన్నచేలు, గొర్రెల మందలు. ఊరి చివర మా ఇల్లు, ఇంటి ముందు గడ్డి కప్పిన కొట్టం, కొట్టంలో కొలిమి. ఇంట్లో నలుగురమే. మామ, అత్త, మా ఆయన, నేను. మామ పట్టకారుతో కాలిన ఇనుమును దాగలి మీద పెట్టి చిన్న సుత్తెతో ఎక్కడ కొట్టాలో చూపేవాడు. మా ఆయన సమ్మెటతో అక్కడ కొట్టేవాడు. తిత్తి ఊదడం ఆడవాళ్ల పని. నేను వెళ్లేదాకా అది ముప్పై ఏళ్లుగా మా అత్త ఒక్కదాని పని. అందుకే ఆమె కుడి భుజం ఎడమదానికంటే లావుగా ఉండేది. రవిక కుట్టేవాడు కొలత తీసుకుంటూ ప్రతిసారీ తికమక పడేవాడు. "ఒక చెయ్యి నాది, ఒక చెయ్యి మీ మామది అనుకోరాదురా" అని వాడితో అంటూ నవ్వేది.

తిత్తంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. రెండు పెద్ద చెక్కల మధ్య తోలు కుట్టిన సంచి అది. పైన వాసానికి వేలాడే కర్రకు గొలుసు ఉంటుంది. గొలుసు లాగితే తిత్తి లేచి పడి, మట్టి గొట్టంలోంచి నిప్పుల గుంటలోకి గాలి పోతుంది. వినడానికి ఎంత సులువు! వేసవిలో, వానలకు ముందు, ఊరంతా నాగటి కర్రులు సాగదీయించుకోవడానికి వస్తుంది. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా గొలుసు వదలడానికి ఉండదు. పెళ్లైన మొదటి ఏడాది నాకు నిద్రలో కూడా చెయ్యి లేచి పడేదట. మా ఆయన ఒకసారి మూతి మీద దెబ్బ తిన్నాడు. అన్నం ముద్ద నోటిదాకా ఎత్తాలంటే ఎడమ చేత్తో కుడి మోచేతిని పట్టి లేపాల్సి వచ్చేది. పని గురించి గొప్పలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అలసటలో గొప్పేముంది? అలసట అలసటే.

ఆ అలసట చివర, అందరూ సుత్తెలు కింద పెట్టేశాక, ఒక పని మిగిలి ఉండేది. కొలిమిని పండవెట్టాలి. ఆర్పడం అనే మాట మా ఇంట్లో అనకూడదు. కొత్తగా వెళ్లిన రోజుల్లో ఒకసారి, "అత్తా, కొలిమి ఆర్పనా?" అని అడిగితే నా నోటి మీద చెయ్యి పెట్టింది. "తిండి వెట్టేదాన్ని ఆర్పుతర? పండవెట్టాలె" అంది. పసిపిల్లను పండబెట్టినట్టే ఉండేది ఆమె తీరు. మొదట గొలుసు వదిలేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చునేది. బొగ్గుల మీద ఎరుపు తగ్గి, పైన తెల్ల పొర కమ్మేదాకా చూసేది. తర్వాత పొడుగు కాడ ఊచతో గుంట అడుగున పేరుకున్న చిట్టెం పెళ్లలు తీసి పక్కన వేసేది. పెద్ద బొగ్గుల్ని విడదీసి నాలుగు దిక్కులకు జరిపేది. "గుంపుగుంటెనే దానికి బలం. ఎడమెడం చేస్తే దానంతట అదే మెత్తవడ్తది" అనేది. ఈతాకుల చీపురు నీళ్ల తొట్టిలో ముంచి, గుంట అంచుల మీద, చుట్టూ నేల మీద చిలకరించేది. నడిమికి చుక్క నీరు పోనిచ్చేది కాదు. మట్టి గొట్టం పగులుతుంది, ఆవిరి మొహాన కొడుతుంది, అదొక కారణం. మర్నాటికి పిడికెడు నిప్పు మిగలాలి, అది రెండోది. ఆ పిడికెడు నిప్పును గొట్టం మూతి దగ్గరకు చేర్చి బూడిద కప్పి, ఆఖరున చేతి వెనకవైపు బూడిద మీద ఆనించి చూసేది. అరచేతితో ఎందుకు చూడవని అడిగితే, "అరచెయ్యి మొద్దువారింది పిల్లా, అది అబద్ధం చెప్తది" అంది.

పొద్దున్నే ఊరి ఆడవాళ్లు పిడక ముక్క పట్టుకుని పొయ్యి నిప్పు కోసం మా అత్త దగ్గరకే వచ్చేవాళ్లు. అగ్గిపెట్టె లేక కాదు, అగ్గిపుల్ల ఎందుకు దండగ అని. ఆమె బూడిద తీస్తే లోపల నిప్పు ఉండి తీరేది. ముప్పై ఏళ్లలో ఒక్కనాడు కొలిమి చల్లబడిపోయింది లేదు, ఒక్క నిప్పురవ్వ కొట్టం గడ్డిని ముట్టింది లేదు. ఆ మాట ఊళ్లో ఎవరైనా అంటే మా అత్త తల వంచుకుని పైకొంగు సర్దుకునేది. ఆమెకున్న గొప్పంతా అదొక్కటే. నగలు లేవు. పెళ్లినాటి నారాయణపేట చీర ఒకటి పెట్టెలో ఉండేది, అదీ మడతల దగ్గర చిరిగింది.

రైలుబొగ్గు వచ్చింది నేను కాపురానికి వెళ్లిన మూడో వేసవిలో. అంతకుముందు తుమ్మకట్టె కాల్చి చేసిన బొగ్గే వాడేవాళ్లం. అడవిని కాసే జంగ్లాతు జవాన్లు కట్టె కొట్టనీయకుండా గట్టి చేశారు. బొగ్గు దొరకడం కష్టమైంది. మా ఆయన బండి కట్టుకుని స్టేషనుకు వెళ్లి, అక్కడ బొగ్గు అమ్మే చాచా దగ్గర రెండు బస్తాల రాతిబొగ్గు తెచ్చాడు. నల్లగా మెరుస్తూ రాళ్లలా ఉంది. దాని వేడి చూసి మామ మురిసిపోయాడు. ఒక్క కర్రు కాలే సమయంలో రెండు కాలుతున్నాయి. మా అత్తకు మాత్రం అది నచ్చలేదు. కొత్త బొగ్గు వేసినప్పుడల్లా పచ్చగా, చిక్కగా పొగ లేచేది, గొంతు పట్టేసేది. "దీని పొగల ఏదో ఉన్నది, మంచిగ లేదు" అనేది. ఆమె ఒక నియమం పెట్టింది. పొద్దు వాలాక కొత్త బొగ్గు వేయకూడదు. వేసినదంతా కాలి, పొగ ఆగి, ఎర్రగా అయ్యాకే విడదీసి బూడిద కప్పాలి. ఎందుకని అడిగితే ఆమెకూ తెలియదు. "నాకు మనసున వడ్తలేదు, గంతే" అంది. మనసున పడకపోవడానికి కారణం అడగకూడదని అప్పుడు నాకు తెలియలేదు.

రోహిణి కార్తె సగం దాటింది. మిరుగం, అదే మృగశిర, దగ్గరపడుతోంది. కొట్టం ముందు కర్రులు కుప్పగా పడి ఉన్నాయి. అప్పుడే మా అత్తకు చలిజ్వరం వచ్చింది. మూడు రోజులు తిత్తి అంతా నా మీదే పడింది. మూడో రోజు పొద్దువాలే సరికి నా భుజంలో ప్రాణం లేదు. గొలుసు పట్టుకున్న వేళ్లు తెరుచుకోవడం లేదు, రెండో చేత్తో ఒక్కొక్క వేలూ విప్పుకున్నాను. మామ, మా ఆయన స్నానాలకు బావి దగ్గరకు వెళ్లారు. కొలిమి దగ్గర నేనొక్కదాన్నే. బొగ్గు కాలేదాకా కూర్చోవాలి. విడదీయాలి. చిట్టెం తీయాలి. చిలకరించాలి. ఆనించి చూడాలి. తర్వాత రొట్టెలు చేయాలి. మళ్లీ తెల్లవారితే రైలుబొగ్గు రాజుకోక, అరగంట పొగలో దగ్గుతూ ఊదాలి. ఆలోచిస్తేనే ఏడుపొచ్చింది. అప్పుడు నా బుర్రలో ఒక తెలివి పుట్టింది. ఇప్పుడే కొత్త బొగ్గు నాలుగు దోసిళ్లు నిప్పు మీద పోసి, తడి బూడిదతో మెత్తి మూసేస్తే, తెల్లారేసరికి అదే లోపల రాజుకుని ఉంటుంది కదా! తుమ్మబొగ్గు మీద బూడిద కప్పితే నిప్పు నిలిచేది, ఇదీ అట్లాగే నిలుస్తుందనుకున్నాను. నాలుగు దోసిళ్లు పోశాను. పచ్చపొగ లేచింది. దాని మీద తడి బూడిద వేసి, చేటతో అదిమి అదిమి, ఎక్కడా పొగ రాకుండా మెత్తాను. నున్నగా, అలికిన అరుగులా తయారైంది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఇంట్లోకి వెళ్తే లోపలి అర్రలోంచి అత్త గొంతు వినబడింది. "పిల్లా, పండవెట్టినవా?"

"పండవెట్టిన అత్తా."

"బొగ్గు మంచిగ కాలినంకనే మూసినవా?"

"ఆఁ."

ఆ "ఆఁ" ఒక్క అక్షరమే. ఆ అక్షరం గురించే ఇంత చెప్పుకొస్తున్నాను.

తెల్లవారింది. మా అత్తకు జ్వరం దిగింది. కాళ్లు వణుకుతున్నా లేచి, మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని కొట్టంలోకి వచ్చింది. మా ఇంటి పద్ధతి ఒకటుంది. పొద్దున తిత్తికి మొదటి గాలి ఇంటి పెద్ద ఆడమనిషి ఊదాలి. ఆ మూడు రోజులూ ఆమె మంచం మీంచి లేచి గోడ పట్టుకుని వచ్చి, ఒక్కసారి గొలుసు లాగి మళ్లీ వెళ్లి పడుకునేది. ఆ రోజు పీట మీద నిమ్మళంగా కూర్చుంది. అప్పటికే నలుగురైదుగురు రైతులు వచ్చి బయట చుట్టలు కాలుస్తున్నారు. నేను గుమ్మంలో పేడనీళ్లు చల్లుతున్నాను. ఆమె తిత్తికి దండం పెట్టి గొలుసు లాగింది. ఒకసారి లేచింది. రెండోసారి ధడాలుమంది.

ఆ చప్పుడును దేనితో పోల్చాలో ఇప్పటికీ తెలియదు. తిత్తి తోలు నిలువునా చీలింది. పై చెక్క ఎగిరి వాసానికి తగిలింది. గుంటలోని బూడిద, నిప్పులు కొట్టమంతా చిమ్మాయి. అత్త పీట మీంచి కుడివైపు ఒరిగిపడింది. తిత్తి ఆమెకు ఎడమపక్క ఉండేది. ఎడమ మోచేతి దాకా చర్మం ఎర్రగా కమిలింది, కనుబొమలు మాడిపోయాయి, ఎడమ చెవిలోంచి సన్నగా రక్తం కారుతోంది. కొట్టం కప్పులో గడ్డి రెండు చోట్ల అంటుకుంది. మా ఆయన తడి గోనెపట్టా తీసుకుని ఎగిరెగిరి బాది ఆర్పుతున్నాడు. బయటి రైతులు లోపలికి ఉరికివచ్చారు. ఒకాయన నీళ్ల కడవ ఎత్తాడు, ఇంకొకాయన తొట్టినే పైకి లేపాడు. గుంటలో నడిమి నిప్పు ఎర్రగా, మూత ఎగిరిపోయి, భగభగలాడుతోంది. దాని మీద పోయబోయారు.

కింద పడి ఉన్న మా అత్త లేచి కూర్చుంది. "పోయకుండ్రి!" అని అరిచింది. "మీ కాళ్లు మొక్కుత, నీళ్లు పోయకుండ్రి! మీ మొఖాలు ఉడుకుతయి! పిల్లా, ఊచ అందుకో! ఇడగొట్టు, ఇడగొట్టు!"

నేనింకా పేడనీళ్ల చెంబు పట్టుకునే ఉన్నాను. "నిన్నే, పిల్లా!" అంది మళ్లీ. ఊచ అందుకున్నాను. ఎర్రటి బొగ్గుల్ని ఒక్కొక్కటిగా గుంట అంచులకు లాగాను. "నడిమిట్ల జాగ చెయ్యి. దగ్గరికి రానియ్యకు. గా పెద్దది ఆ మూలకు. ఆఁ, ఇప్పుడు చీపురు తడుపు. అంచులకే, అంచులకే" అని ఆమె నేల మీద కూర్చుని, కాలిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క మాటే చెబుతోంది. రైతులు కడవలు పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. మా మామ ఒంటి మీది కండువా తీసి, తడిపి ఆమె చేతికి చుట్టాడు. ఎంతసేపు పట్టిందో! ఎరుపు తగ్గింది, పైన తెల్ల పొర కమ్మింది, పొగ సన్నబడింది. చేతి వెనకవైపు ఆనించి చూడమంది. చూశాను. చిన్నగా వెచ్చదనం, అంతే. "సల్లవడ్తాంది" అన్నాను. అప్పుడు ఆమె కళ్లు మూసుకుని గోడకు ఆనుకుంది. నేను చేసిన పాపాన్ని ఆమె నా చేత్తోనే సర్దించింది.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. నీళ్ల కడవ దించిన ముసలి రైతు, "ఏమాయె కమ్మరాయనా, ముప్పై ఏండ్ల సంది ఎన్నడన్న గిట్లయిందా? ఇంట్లకు కొత్త అడుగు వచ్చినంకనే గద ఇవన్ని" అన్నాడు. నాకు పెళ్లై మూడేళ్లు. కడుపు పండలేదు. అప్పటికే మా మామ తరఫు చుట్టాలు పుట్టింటికి పంపి ఇంకోదాన్ని చూడమని రెండుసార్లు కబురు చేశారు. మామ సరేనని అనలేదు, కాదనీ అనలేదు. ఇంకొక రైతు, "నిన్న కొలిమి పండవెట్టింది ఎవరు?" అని అడిగాడు. అందరూ నా దిక్కు చూశారు. ఆ ఒక్క మాటతో నా కాపురం అటో ఇటో తేలిపోతుందని నాకు తెలుసు. నిజం చెప్పాలని నోరు తెరిచాను, ఒట్టు. గాలి తప్ప మాట రాలేదు.

"నేనే పండవెట్టిన" అంది మా అత్త. కళ్లు తెరవలేదు. "పిల్లను రొట్టెలు చేసుకోపొమ్మని నేనే లేచి వచ్చిన. జరంల సోయి లేదు. కొత్త బొగ్గు మీదేసి మూసిన. ముసల్దాన్నయిన, బుద్ధి పనిచేస్తలేదు. ఇగ సంది పిల్లనే చూసుకుంటది."

ముందురోజు సాయంత్రం ఆమె మంచం దిగలేదని మామకు తెలుసు. బావి నుంచి వచ్చి ఆమెకు గంజి తాగించింది ఆయనే. ఆయన ఆమె దిక్కు చూశాడు. నా దిక్కు చూశాడు. వంగి, చిరిగిన తిత్తి చెక్కను ఎత్తి పక్కన పెట్టాడు. రైతులు, "అయ్యో, పెద్దతనం" అంటూ తలలూపారు. ఆమె ముప్పై ఏళ్ల గొప్ప అంత తేలిగ్గా, నిలబడ్డపాటున పోయింది.

తిత్తికి కొత్త తోలు కుట్టించడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ ఏడు వాన ఆలస్యం చేసి మమ్మల్ని కాపాడింది. ఆ నాలుగు రోజుల్లో మా అత్త కట్టు కట్టిన చేత్తో పాత తోలు ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "చూడు పిల్లా, లోపటి దిక్కు కూడ గా పచ్చపొగ వాసనే. పైన దారి మూస్తే పొగ గొట్టంలకెళ్లి తిత్తిలకు వచ్చి కూసున్నది. గాలి కొట్టంగనె నిప్పు ముట్టింది" అంది. మా ఆయన వెళ్లి స్టేషను దగ్గరి చాచాను అడిగితే, ఆయన తల పట్టుకున్నాడట. "అరె భాయ్, కచ్చా బొగ్గు పొగను ఎన్నడు బంద్ చెయ్యొద్దు. దాని రాస్తా దానికి ఇడవాలె" అన్నాడట. చదువు లేని మా అత్త వాసన పట్టి చెప్పిందీ, రైలింజన్ల మధ్య పుట్టిపెరిగిన చాచా చెప్పిందీ ఒక్కటే. అప్పటి నుంచి మా ఇంట్లో తీరు మారింది. సాయంత్రం కొత్త బొగ్గు ముట్టం. ఉన్నది కాలాక విడదీస్తాం. తిత్తి మూతిని మట్టి గొట్టంలోంచి వెనక్కి లాగేస్తాం. గుంటను మూయం, చల్లారేదాకా పక్కన కూర్చుంటాం. పొద్దున తిత్తిని ఉత్తగాలికి నాలుగుసార్లు ఆడించాకే గొట్టంలో పెడతాం. పిడికెడు నిప్పు మిగల్చడం అనే పద్ధతి అక్కడితో పోయింది. ఊరి ఆడవాళ్లు నిప్పు కోసం రావడమూ పోయింది. కొంతమంది ఆమె ఎదురైతే, "అవ్వా, మా గడ్డివాము దిక్కు రాకు" అని పరాచికాలాడేవాళ్లు. ఆమె నవ్వేది. ఎడమ చెవి మళ్లీ వినబడలేదు.

కొలిమిని పండవెట్టడం నా చేతికి వచ్చింది. ఎంత అలసినా నేను లేచి పోయింది లేదు. ఆనించి చూసిన చోటే మళ్లీ ఆనించి చూసేదాన్ని. మా ఆయన విసుక్కునేవాడు, "ఎంతసేపు దాన్నే చూస్తవు, లే" అని. పిల్లలు పుట్టారు, ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు. చంకలో పిల్లను పెట్టుకుని కూడా ఆ గుంట పక్కన కూర్చునేదాన్ని. అంతా బాగానే ఉంది. ఒక్కటే బాగాలేదు. నేను ఆ మాట ఆమెతో అనలేదు. ఆమె అడగలేదు. ఒకే కప్పు కింద, ఒకే తిత్తి పక్కన, ఆ మాట మా ఇద్దరి మధ్య అట్లాగే ఉంది.

చెప్పలేదని కూడా అనలేను. మధ్యాహ్నాలు ఆమె తలకు నూనె పెట్టేదాన్ని. ఒక రోజు ఎడమపక్క కూర్చుని, ఆ చెవిన పడదన్న ధైర్యంతో, నెమ్మదిగా అన్నాను, "అత్తా, ఆ పొద్దు బొగ్గు కాలలేదు. నేను అబద్ధం చెప్పిన" అని. ఆమె కదలలేదు. నాకు గుండె కొంచెం తేలికైంది. మరుసటి ఏడు మళ్లీ చెప్పాను. ఆ తర్వాత అదొక అలవాటైంది. మనసు బరువెక్కినప్పుడల్లా నూనెగిన్నె పట్టుకుని ఎడమపక్కకు చేరేదాన్ని. పిరికిదాన్ని. ఇంకేమనాలి? దేవుడికి చెప్పుకున్నా అంతే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

ఆమె మంచం పట్టిన ఏడు వానలు బాగా పడ్డాయి. ఒక మధ్యాహ్నం ముసురు పట్టి కొట్టంలో పని లేదు. తలకు నూనె పెట్టమంది. ఎప్పటిలాగే ఎడమపక్క కూర్చున్నాను. జుట్టు ఎంత పలచబడిందో! వేళ్లతో రాస్తూ రాస్తూ, అలవాటుగా మొదలుపెట్టాను, "అత్తా, ఆ పొద్దు..." అని. ఆమె చెయ్యెత్తి నా మణికట్టు పట్టుకుంది. తిత్తి లాగిన ఆ కుడిచేతిలో అప్పటికీ పట్టు ఉంది.

"గా దిక్కు కూసోని ఎన్నిసార్లు చెప్తవే, పిల్లా?" అంది. "ఇటు దిక్కు రా. వచ్చి చెప్పు."

నూనెగిన్నె కింద పెట్టాను. "నీకు వినవడ్డదా అత్తా?"

"చెవు పోయింది గని తల పోలేదు గద. గా మాట చెప్పేటప్పుడు నీ చేతులు వణుకుతయి. తొమ్మిదేండ్ల సంది వణుకుతున్నయి." నా మణికట్టు వదిలింది. "ఆ పొద్దుగాలనే చూసిన. బుగ్గి నున్నగ మెత్తి ఉన్నది. చూసి కూడ గొలుసు గుంజిన. గట్లయితదని నాకు మాత్రం ఎరుకనా? గందుల నా తప్పు కూడ ఉన్నది. ఇగ రా."

లేచాను. మంచం కాళ్ల వైపు నుంచి చుట్టూ తిరిగి కుడిపక్కకు వచ్చి కూర్చున్నాను. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి మొత్తం చెప్పాను. నాలుగు దోసిళ్లు, తడి బూడిద, ఆ "ఆఁ", రైతుల ముందు రాని మాట, అంతా. చెబుతూ ఏడ్చాను. ఆమె వింటూ ఒకసారి తలూపింది. అయిపోయాక నా చెయ్యి తీసుకుని, దాని వెనకవైపు తన చెంపకు ఆనించుకుంది, బూడిదను చూసినట్టే.

"సల్లవడ్డది" అంది. "పో, రొట్టెలు చేసుకోపో."

దవాఖానలో నర్సు వచ్చి, "అవ్వా, కండ్లల్ల నీళ్లు పెట్టుకోవద్దు, మందు పోతది" అని కసిరింది. మళ్లీ మందు వేసి, పొర తీయడానికి లోపలికి తీసుకెళ్లింది. తిరుగు ప్రయాణంలో డేరాల దగ్గర ఆటో నెమ్మదించింది. కంటికి కట్టు ఉంది, రెండో కంటికి ఏమీ ఆనడం లేదు. కొలిమి దగ్గర అతను ఉన్నాడో లేడో కనిపించలేదు. మనవరాలు, "మల్ల దిగుతవా ఏంది అమ్మమ్మా?" అని నవ్వింది. దిగలేదు. దిగి చెప్పినా అతనికి ఏం చెప్పాలి? విడదీసి, పక్కన కూర్చుని చూస్తే ఎంత పెద్ద కొలిమైనా గంట, గంటన్నరలో చల్లబడుతుంది. మా అత్త మంచానికి ఎడమపక్క నుంచి కుడిపక్కకు రావడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది.